గీతకు అవతల పుట్టినవాడు

మనిషి ఏ ఊరివాడో చెప్పే అధికారం ఒకప్పుడు కన్నతల్లికి ఉండేది. కొన్నేళ్లుగా అది గిలిన్‌బార్ జిల్లా ఫుట్‌బాల్ లీగ్ చేతిలో ఉంది. ఇది నాగరికతలో పెద్ద ముందడుగని లీగ్ వారే ప్రకటించారు కాబట్టి నమ్మాలి. తల్లులు ఎంతైనా పక్షపాతులు.

నేను కురామిన్ క్లబ్బులో ఆట మొదలవగానే, ముగియగానే సైరన్ మోగించేవాణ్ణి. మాది గోధుమ చేల మధ్య ఊరు. బడి మూతపడింది, బ్యాంకు మూతపడింది, పబ్బు మాత్రం ఇంకా మొండికేసి నిలబడి ఉంది. శనివారం వస్తే కార్లన్నీ గ్రౌండ్ చుట్టూ సరిహద్దు గీతకేసి ముఖం పెట్టి నిలబడతాయి. మా ఫుట్‌బాల్ వేరు: జట్టుకు పద్దెనిమిదిమంది, బంతిని చేత్తోనూ పట్టొచ్చు, నిలువు కర్రల మధ్యనుంచి తన్నితే గోల్. మావాళ్లు గోల్ కొడితే అందరం హారన్లు మోగిస్తాం. ఈ సీజన్లో మా బ్యాటరీలకు పెద్దగా శ్రమ కలగలేదు.

లీగ్ పెట్టిన నిబంధన చాలా న్యాయమైనది. పెద్ద ఊళ్లు బయటి ఆటగాళ్లను కొనుక్కొచ్చి చిన్న ఊళ్లను చితక్కొడుతున్నాయని, ఒక్కో ఆటగాడికి ఇన్ని పాయింట్లని పెట్టారు. క్లబ్బు పిల్లల జట్టులో పెరిగి, ఎటూ పోకుండా అక్కడే ఆడుతున్నవాడికి ఒక పాయింటు. బయటివాడికి ఆరు దాకా. గ్రౌండ్‌లోకి దిగే జట్టు మొత్తం కలిపి నలభై దాటకూడదు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మా ఊళ్లో పెరిగినవాళ్లెవరూ మా ఊళ్లో లేరు. ఉన్నవాళ్లలో సగం మంది ఉద్యోగానికి వచ్చినవాళ్లే: పోలీసాయన, ధాన్యం గోదాము మేనేజరు, గొర్రెల బొచ్చు కత్తిరించే అన్నదమ్ములు. (చిన్న ఊళ్ల కోసం చేసిన నిబంధన పెద్ద ఊళ్లకు చక్కగా సరిపోయింది.)

రీస్ కూకెల్ మాత్రం మావాడు. వాళ్ల నానమ్మ వెర్నా మా క్యాంటీన్‌లో పైలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, వేడిచేసి పెడుతుంది. తాత పేరు మా గ్రౌండ్‌లో జనం కూర్చునే స్టాండు మీద ఉంది. కుర్రాడు కరెంటు పని నేర్చుకోవడానికి నగరం వెళ్లి, అక్కడ రెండు సీజన్లు ఆడి, ఈ ఏడు ఇంటికొచ్చాడు. రాగానే లీగ్ వాడికి ఆరు పాయింట్లు వేసింది. స్టాండుకు ఎన్ని వేయాలో ఇంకా తేల్చలేదు.

ఆగస్టు వచ్చేసరికి, మనుషులు చాలక రెండు ఆటలు ఆడకుండానే వదులుకున్నాం. మూడోది కూడా వదిలేస్తే క్లబ్బు రద్దు. పక్కూరు బెల్‌హేవెన్‌లో కలిపేస్తారు. ఆఖరి ఆట మా గ్రౌండ్‌లోనే, ఆ బెల్‌హేవెన్‌తోనే. పోలీసాయనకు బదిలీ అయింది, ఇద్దరికి తొడ కండరాలు పట్టేశాయి, మిగిలింది పదముగ్గురు. దిగాలంటే కనీసం పద్నాలుగుమంది ఉండాలి. రీస్‌ని కలిపితే మనుషులు సరిపోతారు, పాయింట్లు నలభై ఒకటవుతాయి.

వెర్నా, మా ప్రెసిడెంటు డారెల్ నోస్కే, నేను కలిసి గిలిన్‌బార్‌లో లీగ్ వారి స్థానికతా నిర్ధారణాధికారి లెయిటన్ ట్రెగెంజాను కలిశాం. మర్యాదస్తుడు. కుర్చీలు తనే వేశాడు.

"బాబూ, వాడు మా గ్రౌండ్‌లోనే పుట్టాడు," అంది వెర్నా. "ఆట మూడో క్వార్టర్లో ఉంది. వాళ్లమ్మకి నొప్పులొచ్చాయి. వెనకా పక్కలా కార్లే, మా కారు కదిలితేనా? నా చేతుల్లోనే పడ్డాడు. జనం హారన్లు కొడితే గోల్ పడిందేమోనని అంపైరు అటూ ఇటూ చూశాడు."

"కారు ఎక్కడ పెట్టారండీ?"

"ఎక్కడేంటి, గీత పక్కనే."

"గీతకు లోపలా, బయటా?"

"బయటే. లోపల పెడితే మరి ఆట ఎక్కడాడతారు నాయనా?"

లెయిటన్ నిజంగానే బాధపడ్డాడు. "అయితే బయట పుట్టినట్టేనమ్మా. లోపలైతే పరిశీలించేవాళ్లం."

డారెల్ గొంతు సవరించుకున్నాడు. "ఆఖరున ఉన్న జట్టుకి అయిదు పాయింట్ల రాయితీ ఉందటగా?"

"ఉందండీ. మీరు ఆఖరి నుంచి రెండోవాళ్లు."

"మా కింద ఉన్న క్లబ్బు జూన్‌లోనే మూతపడింది కదయ్యా!"

"మూతపడినా పట్టికలో కిందే ఉందండీ. వాళ్ల రాయితీ మీకెలా ఇస్తాం? వాళ్లకు అన్యాయం కాదూ?"

తిరిగొస్తుంటే ఊరి పొలిమేర రాగానే, "వాడు మన చొక్కా వేసుకుని ఆడటం చూడాలని ఉంది డారెల్," అంది వెర్నా. "ఆ తర్వాత ఏమైనా చేసుకోనీ."

డారెల్ కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. "దిగినా ఓడినట్టే రాస్తారు, దిగకపోయినా ఓడినట్టే రాస్తారు. దిగే చద్దాం," అన్నాడు.

శనివారం బెల్‌హేవెన్ కెప్టెన్ బ్రోగన్ ఫిచ్ మేం బట్టలు మార్చుకునే గదిలోకి తొంగిచూశాడు. "ఏం ప్రెసిడెంటూ, ఎంతమందున్నారు?"

"పద్నాలుగు."

"సరే, మేమూ పద్నాలుగుమందిమే దిగుతాం. తర్వాత ఏడవకండి, లెక్క సమానం."

"ఏడ్చేదెవరో చూద్దాంలే, ముందు నీ బూట్ల తాడు కట్టుకో," అన్నాడు రీస్ లోపల్నుంచి.

(ఎదుటివాళ్లకు మనుషులు తగ్గితే తామూ తగ్గించుకోవడం మా ప్రాంతంలో ఎవరూ రాయని మర్యాద. రాయలేదు కాబట్టే ఇంకా బతికుంది.)

ఆ ఆట గురించి నేను నిష్పక్షపాతంగా చెప్పలేను. ఆఖరి నిమిషంలో రీస్ ముగ్గురి భుజాల మీదుగా లేచి బంతి పట్టుకున్నాడు. అలా గాల్లో పట్టినవాడు ఎవరూ మీదపడకుండా తీరిగ్గా తన్నొచ్చు. వెనక్కి నాలుగడుగులు వేసి, తాపీగా తన్నాడు. నిలువు కర్రల మధ్యనుంచి పోయింది, స్కోరుకి ఆరు కలిశాయి. రెండు పాయింట్ల తేడాతో గెలిచాం. నేను సైరన్ నొక్కి, వదలడం మరిచిపోయాను. హారన్ల మోతలో అదెవరికీ వినిపించలేదు. వెర్నా పైల ట్రే పట్టుకుని క్యాంటీన్ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది.

సోమవారం తీర్పు వచ్చింది. ఒక పాయింటు మించింది కాబట్టి మేం ఆడినది ఆట కాదు. ఆడలేదు కాబట్టి వదులుకున్నట్టు లెక్క. వదులుకున్నది మూడోది కాబట్టి క్లబ్బు రద్దు. మమ్మల్ని బెల్‌హేవెన్‌లో కలిపి కొత్త క్లబ్బుకు కొత్త పేరు పెట్టారు. రెండు ఊళ్లనూ సమానంగా చూడాలని ఆ పేరులో రెండు ఊళ్లనూ తీసేశారు.

కొత్త క్లబ్బు మొదటి సమావేశానికి లెయిటన్ స్వయంగా వచ్చి పాయింట్లు చదివాడు. క్లబ్బు ఇప్పుడే పుట్టింది కాబట్టి దాని పిల్లల జట్టులో పెరిగినవాడు ఇంకా ఎవడూ లేడు. అందువల్ల ప్రతి ఒక్కరికీ ఆరు. నలభైకి ఆరుగురు వస్తారు.

బ్రోగన్ లేచాడు. "మరి ఇక్కడివాళ్లనిపించుకునేదెవరు సార్?"

"ఈ ఏడు మీ పిల్లల జట్టులో చేరతారే, ఆ బుడతలు. వాళ్లు పెద్దయ్యాక తలా ఒక్క పాయింటే. కాస్త ఓపిక పట్టాలి."

"పెద్దయితే ఇక్కడ బడి లేదు, పని లేదు. అందరూ నగరాలకి పోతారు కదా బాబూ," అంది వెర్నా.

లెయిటన్ ఆమెకేసి తిరిగి, చాలా మర్యాదగా చెప్పాడు.

"తిరిగొస్తే ఆరు పాయింట్లమ్మా. రాకపోతే ఏ ఇబ్బందీ లేదు."