పెట్టె మూత తీసేసరికి

ఆ ఆదివారం పొద్దున బసవపున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. క్యాసెట్టు వినాలి, బాగుందని చెప్పాలి, పంపున్న క్వార్టరు కొట్టెయ్యాలి.

ఆయన సారపాక పేపరు మిల్లులో వెదురు లారీలకు కాంటా వేసే గుమాస్తా. ఎనభైలు మొదలయ్యాక కథలు చదివి రికార్డు చేసిన క్యాసెట్లు అప్పుడప్పుడే కాలనీలోకి వస్తున్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా ఆయన తూకం వెయ్యకుండా వదల్లేదు. ఒకాయన కథానాయిక కంటే ముందే ఏడుస్తాడు. ఇంకొకామె దొంగనూ దొరనూ ఒకే గొంతుతో పలికిస్తుంది. మరొకాయన పేజీ తిప్పడానికి వేలు తడుపుకునే చప్పుడు కూడా వినపడుతుంది. టీకొట్టు దగ్గర ఈ అభిప్రాయాలు పంచీ పంచీ, కథలు వినడంలో బసవపున్నయ్యంత ఘనుడు లేడన్న పేరు సంపాదించాడు. ఆ పేరు మేనేజరు వెంకటరామారావు ఇంటిదాకా పాకింది.

మేనేజరు భార్య పద్మావతమ్మది గుంటూరు వైపు. ఈమధ్య ఆమె ఒక కథ రాసి, తనే చదివి, క్యాసెట్టులోకి ఎక్కించింది. సాయంత్రం క్లబ్బులో వేసేముందు ఒకసారి విని ఎలా ఉందో చెప్పమని, టేపురికార్డరుతో సహా బసవపున్నయ్యకు పంపించింది. సరిగ్గా అప్పుడే ఇంట్లోనే పంపు ఉన్న క్వార్టరు ఒకటి ఖాళీ అయింది. వీధి చివర బోరింగు దగ్గర బిందెలతో నిలబడి నిలబడి బసవపున్నయ్య భార్య రాఘవమ్మ ప్రాణం విసిగిపోయి ఉంది.

"నోరు అదుపుల పెట్టుకో. ఈ క్వార్టరు గిట్ట పోయిందంటే నేను వైరా పోత, మా అమ్మగారింటికి. బిందెలు నువ్వే మొయ్యి," అని ఆమె ముందే తేల్చి చెప్పింది.

"నేనేమన్న పిచ్చోన్నా? తేనె లెక్క ఉన్నదని చెప్త, సరేనా?"

కథ మొదలైంది. అడవి పల్లెలో ఒక ముసలవ్వ. ఇంట్లో దొంగ అలికిడైతే లేచి, "ఎవరండీ అక్కడ?" అంది. బసవపున్నయ్య ముఖం చిట్లించాడు గాని ఓర్చుకున్నాడు. అవ్వ దీపం పట్టుకుని పెద్ద చెక్కపెట్టె దగ్గరికి వెళ్లింది. "పెట్టె మూత తీసి చూసేసరికి..." అంటూ పద్మావతమ్మ గొంతు వణికించిన క్షణంలోనే బయట నుంచి రాఘవమ్మ కేక వేసింది.

"బోరింగు ఖాళీగున్నది, జల్దీ రా!"

ఆయన టేపు ఆపి పరుగెత్తాడు. రెండు బిందెలు మోసుకొచ్చి, తడి చేతులతోనే మళ్లీ బటన్ నొక్కాడు. ఆ కంగారులో పక్కనున్న ఎర్ర బటన్ కూడా కిందికి దిగింది. అది దిగితే మిషన్ మాట్లాడడం మానేసి, మనం మాట్లాడేది పట్టుకుంటుందని పాపం ఆయనకు తెలియదు. చక్రాలు తిరుగుతున్నాయి. మాట లేదు.

"సూడే, మూత తీసింది, లోపల ఏమున్నదో చెప్తలేదు. ఎంతసేపు ఆపుతది గీమె?"

"ఊపిరి తీసుకుంటున్నదేమో," అంది రాఘవమ్మ.

"ఆమె ఊపిరి తీసుకునే మనిషా? సారును తిట్టేటప్పుడు ఎన్నడన్న ఆగిందా?"

"మెల్లగ! క్వార్టరు!"

"గందుకే గద తేనె అంటానంటున్న. లోపల మాత్రం ఆముదమే. మన దిక్కు అవ్వ దొంగను పట్టుకొని 'ఎవరండీ' అంటదా? ఎట్లంటదో నేను జెప్త సూడు."

బసవపున్నయ్య కండువా నెత్తిన కొంగులా కప్పుకుని నడుం వంచాడు. "ఎవడ్రా నువ్వు? దొంగతనానికొస్తే తలుపు దగ్గరికేసి రావద్దా? కుక్కలు సొరబడవా? వచ్చినవ్ గద, మంచం కింద పిల్లున్నది, దాన్ని బయటికి తోలు. తర్వాత తీస్కపో నీకేం గావాల్నో!"

రాఘవమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి టేపు టక్కుమని ఆగింది. ఒక మనిషి ఇంతసేపు ఆపడం తన జన్మలో వినలేదని ఆశ్చర్యపోతూ బసవపున్నయ్య మేనేజరు బంగళాకు బయలుదేరాడు.

"పెట్టె మూత తీసిన తర్వాత ఎలా ఉందండీ? నాకు అక్కడే భయంగా ఉంది," అంది పద్మావతమ్మ.

"అక్కడనే ఉన్నదమ్మగారూ అసలు ప్రాణం! నాకు నోట మాట రాలేదు."

పద్మావతమ్మ మొహం వెలిగిపోయింది. "అయితే మొదలంతా ఎందుకు, అక్కడి నుంచే వేయిస్తాను." అంత బాగుంటే క్లబ్బు గదిలో ఎందుకు, గ్రౌండులోనే వేయిద్దామన్నాడు మేనేజరు. మైకుసెట్టు మక్సూద్ వచ్చి రెండు మైకులు కట్టాడు, ఒకటి కాలనీ వైపు, ఒకటి గోదారి వైపు. సాయంత్రానికి ఆఫీసర్లు, కూలీలు, లారీ డ్రైవర్లు, అందరూ చేరారు. బసవపున్నయ్యకు మేనేజరు పక్కనే కుర్చీ వేశారు.

"పెట్టె మూత తీసి చూసేసరికి..." అంది మైకు. టక్కుమంది. వెంటనే గోదారి దాకా వినపడేలా, "సూడే, మూత తీసింది..." అని బసవపున్నయ్య గొంతు.

"పెట్టెల పున్నయ్య ఉన్నడ్రో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

బసవపున్నయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు. మైకు దగ్గరికి పరుగెత్తి, "మక్సూద్, బంద్ చెయ్!" అన్నాడు.

"ఎట్ల చెయ్యాలన్నా? అమ్మగారే పెట్టమన్నరు."

సారును తిట్టే సంగతి రాగానే మేనేజరు రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఆముదం మాటకు పద్మావతమ్మ మొహం ఎర్రబడింది. రాఘవమ్మ మనసులో అప్పటికే వైరా బస్సు ఎక్కేసింది. ఇంతలో దొంగను నిలేసే అవ్వ వచ్చింది. గ్రౌండంతా గొల్లుమంది. కూలీలు ఈలలు వేశారు. లారీ డ్రైవర్లు నేలమీద పడి దొర్లారు.

టేపు అయిపోయింది. పద్మావతమ్మ లేచి నిలబడింది.

"మక్సూద్, ఆ ముసలామెది మళ్లీ వెయ్యి."

మళ్లీ వేశాడు. ఈసారి ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "బసవపున్నయ్యగారూ, నేను ఇన్నాళ్లు తలబద్దలు కొట్టుకున్నా ఈ అవ్వ దొరకలేదండీ. అవ్వ మాటలన్నీ మీరే చదవాలి. రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చెయ్యండి."

వెంటనే రాఘవమ్మ అందుకుంది. "సాయంత్రమంత ఈయనకు బోరింగు కాడనే సరిపోతదమ్మగారూ. ఎట్లొస్తడు?"

"ఆ పంపు క్వార్టరు రేపే ఇచ్చేస్తాను," అన్నాడు మేనేజరు తొందరగా. "నాకు పడే తిట్లలో సగం ఇక ఈయనకు పడతాయి."

కథ మళ్లీ చదివి రికార్డు చేయడం పూర్తయింది. కొత్త క్వార్టర్లో పంపు కింద బిందె నిండి పొర్లుతున్నా రాఘవమ్మ సంబరంగా చూస్తూ ఉండిపోయింది. బసవపున్నయ్య తలుపు వేసుకుని తన గొంతు తనే మొదటి నుంచి చివరి దాకా తీరిగ్గా విన్నాడు. ఇన్నాళ్లూ ప్రతి తప్పునూ చదివినవాళ్ల గొంతులోనే పట్టిన ఆయనకు, ఆ రోజు మొదటిసారిగా లోపం మిషన్‌లో ఉందేమోనన్న అనుమానం కలిగింది.