యాభై నాలుగేళ్ల పిల్లలున్నారు, జాగ్రత్త!

యాభై నాలుగేళ్ల పిల్లల్ని ఊళ్లోకి రానివ్వకూడదు. ఇది నా స్థిరాభిప్రాయం. నా వయసు ఎనభై ఒకటి. నా ఒంట్లో ఇప్పుడు స్థిరంగా ఉన్నది అభిప్రాయమొక్కటే.

నవ్వకండి. యాభై నాలుగేళ్ల మనిషి ఎంత ప్రమాదకారో ఎప్పుడైనా ఆలోచించారా? నేల మీద కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేస్తాడు! పొద్దున పలకరిస్తే తన మోకాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పడు! రాత్రి తొమ్మిది దాటినా మెలకువగా ఉంటాడు! ఇలాంటివాడు పక్కింట్లో ఉంటే మర్యాదస్తులు బతికేదెలా?

అందుకే మా సిల్వర్ పామ్స్ పార్కు గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం: యాభై ఐదు నిండినవారికి మాత్రమే. టెక్సస్ దక్షిణ కొసన రెండు వందల చక్రాల ఇళ్లు మావి. చక్రాలున్నాయన్న మాటే గానీ నా ఇల్లు చివరిసారి కదిలింది పెద్ద తుఫానులో, అదీ ఆరంగుళాలు. నవంబరు రాగానే మినెసోటా నుంచి, మానిటోబా నుంచి మంచుకి తాళలేని ముసలివాళ్లందరూ కొంగల్లా దిగుతారు. ఏప్రిల్లో ఎగిరిపోతారు. ఉత్తరాదిన ఇల్లు అమ్ముకున్న నాలాంటివాళ్లం కొందరం మాత్రం మండుటెండల్లో కూడా ఇక్కడే పడి ఉంటాం.

పార్కుకి ఒక వయసు కమిటీ ఉంది. అధ్యక్షుణ్ణి నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. ఎన్నిక జరిగినప్పుడు నేను బాత్రూములో ఉన్నాను, బయటికొచ్చేసరికి అధ్యక్షుణ్ణయిపోయాను. కార్యదర్శి ఆర్డిస్. డెబ్బై తొమ్మిదేళ్లది. అయోవాలో నలభై ఏళ్లు బడిపిల్లల చేత గోడకుర్చీ వేయించిన చేయి. చెవి మీద పెన్సిలు, ఒళ్లో నోటుబుక్కు, కింద గోల్ఫ్ బండి. ఆ బండి వీధి మలుపు తిరిగితే మా గుండెలు కూడా ఒక మలుపు తిరుగుతాయి.

యాభై ఐదు లోపువాళ్లు అతిథులుగా రావచ్చు. ఏడాదికి ముప్పై రోజులు. ముప్పయ్యో రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల పాసు అధ్యక్షుడి చేతికే ఇచ్చి గేటు దాటాలి. గుమ్మం ముందు పడేసి పోవడానికి వీల్లేదు, చేతికే ఇవ్వాలి. పదకొండేళ్ల కిందట ఈ రూలు నా దస్తూరీతో నేనే రాశాను. అంత అందంగా నేను పెళ్లి ప్రమాణం కూడా రాసుకోలేదు.

ఆర్డిస్ ఈ రూలుని ఎంత నిష్ఠగా నడుపుతుందంటే, మొన్న శీతాకాలం అంబులెన్సు వచ్చింది. అందులో ఉన్న ఇద్దరికీ పాతికేళ్లుంటాయి. వాళ్లని గేటు దగ్గర ఆపి రిజిస్టరులో సంతకం పెట్టించింది. ఒక్కో గుండెపోటుకీ ఒక్కో రోజు కొట్టేసింది. ఫిబ్రవరికల్లా వాళ్ల ముప్పై రోజులూ అయిపోయాయి! మార్చిలో గుండెపోటు తెచ్చుకోదలచినవాళ్లు దయచేసి గేటు బయటికి వెళ్లి తెచ్చుకోవలసిందని నోటీసు బోర్డులో పెట్టింది.

ఆఫీసు ముందున్న తాటిచెట్టుకి నలభై ఏళ్లేనని ఎవరో చెప్పారు. ఆ సాయంత్రమే చెట్టుకి నోటీసు అంటించింది. నమ్మనివాళ్లు వెళ్లి చూడండి, మేకు గుర్తు ఇంకా ఉంది.

ఇక మా పార్కు భవిష్యత్తు! చాలామంది అడుగుతున్నారు గనుక చెబుతున్నాను. యాభై ఐదు అన్నది పాతకాలపు మెతకదనం. వచ్చే ఏడాది అరవై ఐదు చేద్దాం. ఆపైన డెబ్బై ఐదు. నా మనవరాలు రిటైరయ్యే నాటికి తొంభై. అప్పుడు కదా పార్కు శుద్ధి అయ్యేది! ఇప్పటికే సగం దారిలో ఉన్నాం. మాలో అందరికంటే చిన్నవాడికి అరవై ఎనిమిది. వాణ్ణి అందరం బుజ్జిగాడు అంటాం.

కుర్రకారు లేని ఊరు ఎంత ప్రశాంతమో మీకు తెలియదు. సాయంత్రం మా వీధిలో నిలబడి వినండి. ఇంటింటి నుంచీ కీచు... కీచు... అని వినిపిస్తుంది. కొత్తవాళ్లు మురిసిపోయి, ‘ఆహా, కీచురాళ్లు’ అంటారు. కీచురాళ్లు కాదు బాబూ. పొగ అలారాలు! బ్యాటరీ అయిపోతే నిమిషానికోసారి కీచుమంటాయి. అవేమో కప్పుకి ఉంటాయి. మాకేమో నిచ్చెన ఎక్కొద్దని డాక్టర్లు చెప్పారు. ఇదివరకు ఆఫీసులో పనివాడొకడు ఉండేవాడు. పార్కుని కొన్న కొత్త యజమానులు వాణ్ణి తీసేసి మాకొక ఫోన్ నంబరిచ్చారు. ఆ నంబరులో సంగీతం బాగుంటుంది.

భద్రత సంగతి అంటారా? దానికి మాకొక ఆచారం ఉంది. పొద్దున ఎనిమిదింటికల్లా ఎవరి ముందు కిటికీ తెర వాళ్లు తాడు లాగి పైకెత్తాలి. తెర లేచిందంటే మనిషి లేచినట్టు. లేవకపోతే పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొడతారు. రాత్రి మళ్లీ దించాలి. ఆర్డిస్ ఎనిమిదింటికి బండి మీద వీధి వీధీ తిరిగి, ఇంటింటికీ పెన్సిలుతో గీత పెట్టుకుంటుంది. దీనికి ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు, యాభై నాలుగేళ్ల పిల్లలు అసలే అక్కర్లేదు!

మధ్యలో వెండెల్ అని ఒకాయన భుజం నొప్పికి తాళలేక రాత్రిళ్లు తెర దించడం మానేశాడు. ఆయన పోయాక కూడా తెర పైకే ఉంది. తొమ్మిది రోజులు అందరం చేతులూపుతూ పోయాం. పదో రోజు శనివారం విందుకి ఆయన చిక్కుడు గింజల గిన్నె రాకపోయేసరికి అనుమానమొచ్చింది. తొమ్మిది రోజులూ ఆయన బతికి ఉన్నట్టే పుస్తకంలో గీతలున్నాయి. రికార్డు పక్కాగా ఉంది. అంతకంటే ఏం కావాలి?

ఇంత చక్కగా నడుస్తున్న ఊళ్లోకి ఏప్రిల్లో ఒక పిల్ల వచ్చి పడింది. పేరు జెనెల్. వయసు యాభై మూడేళ్ల పది నెలలు.

నా పక్కింటి లవాన్ కూతురు. లవాన్ నాకు పందొమ్మిదేళ్లుగా పేకాటలో శత్రువు. శీతాకాలంలో తుంటి ఎముక విరిగింది. జనవరి నుంచి మార్చి దాకా ఆమెని చూడ్డానికి వంతులేసుకున్నాం. ఏప్రిల్లో వంతులవాళ్లందరూ ఉత్తరానికి ఎగిరిపోయారు. వీధిలో మిగిలింది లవాన్, నేను, ఆర్డిస్. అప్పుడు జెనెల్ మినెసోటాలో తన ఆవుల్ని అమ్మేసి, పాత ట్రక్కులో మూడు రోజులు నడుపుకుంటూ వచ్చింది. తల్లిని లేపడం, స్నానం చేయించడం, పొద్దున తెర ఎత్తడం అన్నీ తనే. ముప్పై రోజులు దాటాక ఆ పిల్ల వెళ్లిపోతే లవాన్‌ని నగరంలో ముసలివాళ్ల ఆశ్రమానికి పంపాలి. ఇద్దరికో గది, తెరకి తాడు నర్సు చేతిలో.

రూలు రూలే! ఇరవై ఐదో రోజున హెచ్చరిక ఉత్తరం మీద సంతకం పెట్టి నేనే తీసుకెళ్లాను.

లవాన్ మంచం మీద నుంచే అందుకుని, కళ్లజోడు సర్దుకుని చదివింది.

“ఎముక ముప్పై రోజుల్లో అతకాలని కూడా రాశావా ఓరిన్?”

“ఎముకలు మా కమిటీ పరిధిలోకి రావు లవాన్.”

“నీ బుర్ర కూడా రాదనుకుంటా. ఆ ముక్కలు తీయి. పోయేలోపు నిన్ను ఇంకో నాలుగు ఆటలు ఓడించాలి.”

ఆరు ఆటలు ఓడించింది. మంచం పక్కన సగం సర్దిన అట్టపెట్టె ఉంది. పైన పేకముక్కల డబ్బా పెట్టుకోవడానికి చోటు వదిలింది. నేను దాన్ని చూడనట్టు నటించాను. అధ్యక్షుడన్నవాడు నటించడం నేర్చుకోవాలి.

ముప్పయ్యో రోజు వచ్చింది. మే నెల. ఆరింటికే గాలి పొయ్యి మీంచి వస్తున్నట్టుంది. నేను బాత్రూముకి వెళ్లి, చాప అంచు తన్నుకుని, తొట్టికీ గోడకీ మధ్య పడ్డాను. ఎముకలు విరగలేదు. లేవడం మాత్రం కుదరలేదు. తాబేలుని వెల్లకిలా వేసి చూశారా? దానికి కనీసం నాలుగు కాళ్లుంటాయి.

భయమేముంది? తెర ఆచారం ఉంది కదా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. నా తెర పైకే ఉంది. తాడు లాగడానికి బద్ధకించి నేనూ మూడు నెలలుగా దించడం లేదు. ఊరందరికీ నేను పగలూ రాత్రీ లేచే ఉంటాను!

ఎనిమిదింటికి గోల్ఫ్ బండి వచ్చింది. హారన్ మోగింది. బిగ్గరగా ఆర్డిస్ గొంతు వినిపించింది.

“ఓరిన్ తెర లేచింది! బతికే ఉన్నాడు!”

పెన్సిలు గీత చప్పుడు కూడా విన్నట్టే ఉంది నాకు. అరిచాను. ఏసీ నాకంటే గట్టిగా అరిచింది. బండి వెళ్లిపోయింది.

వెండెల్ సంగతి పైన తొమ్మిది రోజులని రాశాను. అది నేను పెంచాను. రెండు రోజులే. ఆ నేల మీద పడుకుని లెక్కేసుకుంటే రెండు రోజులు తక్కువేం కాదనిపించింది.

పదకొండింటికి తలుపు చప్పుడైంది. నా గొంతు అప్పటికి ఎండిపోయింది. మా పార్కులో ఎవరైనా సరే తెర చూసి, పెద్దాయన ఏదో పనిలో ఉన్నాడనుకుని, తెచ్చింది గుమ్మంలో పెట్టి పోతారు. ఈ వచ్చిన మనిషి పోలేదు. మళ్లీ కొట్టింది. ఆఖరికి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఎందుకంటే పాసు అధ్యక్షుడి చేతికే ఇవ్వాలి, గుమ్మంలో పెట్టకూడదు. చూశారా! రూలు మనిషి ప్రాణం నిలబెట్టింది!

జెనెల్ బాత్రూము గుమ్మంలో నిలబడింది, చేతిలో పాసుతో.

“అయ్యో, ఓరిన్ గారూ! కదలకండి. ఎప్పుడు పడ్డారు?”

“ఆరింటికి. ఇవాళ నీ ముప్పయ్యో రోజు కదమ్మాయ్?”

“అవునండీ, పన్నెండింటికి గేటు దాటాలి. ఈలోపు మిమ్మల్ని లేపొచ్చా, దానికేమైనా ఫారం నింపాలా?”

ఆవు దూడల్ని ఎత్తిన చేతులు అవి. నా చంకల కింద పట్టి, “మీరు మటుకు సాయం చెయ్యకండి” అని, ఒక్క ఊపులో కుర్చీలో కూలేసింది. మంచినీళ్లు తాగించింది. ముఖం తుడిచింది. పాసు నా చేతిలో పెట్టింది.

“తీసుకోండి. మళ్లీ చేతికివ్వలేదంటారు.”

పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా, ముప్పయ్యో రోజు లెక్క తేల్చడానికి ఆర్డిస్ వచ్చింది. నా నుదుటి మీద బొప్పి చూసింది. కిటికీ తెర చూసింది. పుస్తకం తెరిచి, ఎనిమిదింటి గీతని చాలాసేపు చూసింది. పెన్సిలు చెవి మీంచి తీసింది, మళ్లీ పెట్టుకుంది.

“నేను గీత పెట్టానయ్యా ఓరిన్. బతికే ఉన్నాడని అరిచాను కూడా.”

“విన్నాను. నిజమే కదా, బతికే ఉన్నాను.”

“లోపలికి వచ్చినా నిన్ను లేపలేకపోయేదాన్ని. నేను వంగితే, నన్ను లేపడానికి ఇంకొకరు కావాలి.”

“ఆ ఇంకొకరు వంగితే?”

గడియారం పన్నెండు కొట్టింది. ముగ్గురం విన్నాం. నా పొగ అలారం కూడా ఒకసారి కీచుమంది. ఆర్డిస్ గొంతు సవరించుకుంది. ఇక పిల్లని పంపేస్తుందనుకున్నాను.

“అమ్మాయ్, నీకు నిచ్చెన ఎక్కడం వచ్చా? మా వంటింట్లో అది మూడు నెలలుగా కీచుమంటోంది. నాకు నిద్రలేదు.”

పాఠకులారా, వయసు కమిటీ అధ్యక్షుడి హోదాలో ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. జెనెల్ అనే యాభై మూడేళ్ల పిల్ల, ముప్పయ్యో రోజు సరిగ్గా పన్నెండింటికి మా గేటు దాటి వెళ్లిపోయింది. నా కళ్లతో చూసి సంతకం పెట్టాను. నా కళ్లలో శుక్లాలున్నాయని డాక్టరు రాసిచ్చిన కాగితం ఫైలులో జత చేశాను. ఆర్డిస్ కూడా చూసి సంతకం పెట్టింది. ఆవిడ కళ్లు నా కళ్ల కంటే అధ్వాన్నం.

లవాన్ ఇంటి ముందు నిలబడ్డ పాత ట్రక్కు సంగతి మాకు తెలియదు. లవాన్ అట్టపెట్టె మళ్లీ విప్పి సర్దిందెవరో తెలియదు. వీధిలో కీచురాళ్లు ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయాయంటే, వేసవి కదా, అవి కూడా ఉత్తరానికి వలస పోయి ఉంటాయి. అనుమానమున్న యజమానులెవరైనా స్వయంగా వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. మా ఫోన్ నంబరిస్తాం. మేం కూడా సంగీతం పెడతాం.

రూలు మాత్రం ఒక్క అక్షరం మార్చేది లేదు. యాభై నాలుగేళ్ల పిల్లలు ఊళ్లో ఉండకూడదు. మా ఊళ్లో లేరు కూడా.

నేనిప్పుడు రోజూ రాత్రి బద్ధకించకుండా తెర దించుతున్నాను. పొద్దున ఎనిమిదింటికి ఎత్తుతున్నాను. నిన్న కాస్త నిద్ర పట్టి ఆలస్యమైంది. ఎనిమిదీ అయిదుకి, మా ఊళ్లో లేని మనిషి వచ్చి నా తలుపు కొట్టింది.