సైనికుడికి మా ఊరి మర్యాద

సైనికుణ్ని గౌరవించడంలో ఈ మిరప పండే ప్రాంతం మొత్తంమీద మా ఊరికి సాటి లేదని సవినయంగా మనవి చేస్తున్నాం. గిట్టనివాళ్ళు ఏవేవో చెబుతారు, నమ్మకండి.

అసలు మాకు సైనికుల కొరత లేదు. పత్తి చేలో పురుగుమందు కొట్టే ప్రతి రైతూ సైనికుడేనని వ్యవసాయాధికారి సెలవిచ్చారు. ఎన్నికలప్పుడు గోడలకు రంగు పూసేవాళ్ళు పార్టీ సైనికులు. అవతలి పార్టీవాళ్ళ తలలు పగలగొట్టినవాళ్ళు సీనియర్ సైనికులు. వీళ్ళు కాక, సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడే యేసుపాదం అని ఇంకొకడున్నాడు. ఊరవతల మాలపల్లెవాడు. తల్లి ప్రేమమ్మ సర్పంచి అంకమ్మరావు గారి చేలో మిరపకాయలు కోస్తుంది.

యేసుపాదం సెలవుకొచ్చినప్పుడల్లా మిలిటరీ రమ్ము తెస్తాడు. రమ్ముకు మా ఊళ్ళో అంటు లేదు. సర్పంచి గారు స్వహస్తాలతో మూత విప్పి, దేశభక్తితో కళ్ళు చెమర్చేదాకా తాగుతారు.

టీ సంగతి వేరు. యలమందయ్య టీ హోటల్లో పల్లెవాళ్ళ గ్లాసులు చూరులో ఉంటాయి. నిలబడి తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇది వివక్ష కాదు, ప్రత్యేక వసతి.

ఎనభై నాలుగు రిపబ్లిక్ డే నాడు సర్పంచి గారు జెండా ఎగరేసి ఉపన్యసించారు. “సైనికుడంటే ఎవరు? మన కోసం ప్రాణం అడ్డేసేవాడు. అతనికి కులం లేదు, మతం లేదు. యేసుపాదం మనింటి బిడ్డ.”

చప్పట్లు మోగాయి. యేసుపాదం ఆ మాటలు నమ్మాడు, అదీ వచ్చిన చిక్కు.

“వద్దురా అయ్యా. మనం బతికేది ఆళ్ళ చేలోనేగా. కూడు పోద్ది” అని ప్రేమమ్మ చెయ్యి పట్టుకుంది.

“సర్పంచి గారే అన్నారు గదమ్మా. ఒక్కసారి బల్ల మీద కూర్చుని టీ తాగొస్తా” అని యూనిఫాంలోనే హోటలుకు వెళ్ళాడు. అప్పటికే అక్కడ టీ తాగుతున్న సర్పంచి గారి పక్కన కూర్చుని, “అందరికీ ఇచ్చే గ్లాసులోనే ఒక టీ ఇవ్వండి, యలమందయ్య గారూ” అన్నాడు.

అప్పుడు చూడాలి మా ఊరి మర్యాద. సర్పంచి గారితో సహా బల్లల మీదున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. అతను తాగినంతసేపూ ఒక్కరూ కూర్చోలేదు. ఆ గ్లాసులో ఇంకెవరూ తాగకుండా యలమందయ్య దాన్ని చూరులో భద్రపరిచాడు. బల్లను పసుపు నీళ్ళతో కడిగించాడు. వీరమాతకు విశ్రాంతి అవసరమనీ, రేపటి నుంచి చేలోకి రానక్కర్లేదనీ సర్పంచి గారు ప్రేమమ్మకు కబురంపారు. ఊళ్ళో మిగతా రైతులు కూడా ఆమెకు విశ్రాంతే ఇచ్చారు.

యేసుపాదం సెలవు పూర్తికాకుండానే తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఎక్కడో మంచులో నిలబడి మనల్ని కాపలా కాస్తున్నాడు. మీరూ నేనూ నిశ్చింతగా బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం.

పంచదార సరిపోయిందాండీ?