పెరట్లో ఎడమ పక్క దళం

యుద్ధం చేయడానికి ఒక పూట చాలు. అది ఎక్కడ జరిగిందో తేల్చడానికి మాత్రం ఒక శాఖ, ఆ శాఖకొక భవనం, ఆ భవనంలో భోజనానికి వెళ్ళి తిరిగిరాని ఒక గుమస్తా కావాలి. నాగరికత అంటే ఇదే.

మా కాలనీ ఒక పాత యుద్ధభూమి మీద ఉంది. (స్థలాలు అమ్మేటప్పుడు దీన్ని ‘చారిత్రక వాతావరణం’ అన్నారు. నీళ్ళు రావన్న సంగతి అనలేదు.) ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకున్నారో ఇక్కడ ఒక్కరికీ తెలీదు. ఎవరెక్కడ నిలబడ్డారో మాత్రం చంటిపిల్లలకి కూడా తెలుసు. పూర్వ సైనిక స్థానాల పరిరక్షణ విభాగంవారు ప్రతి చోటా ఒక రాయి పాతారు మరి. మా పెరటి నడిమధ్యన ఉన్న రాయి మీద ‘దక్షిణ సేన ఎడమ పక్క దళము ఇచట నిలిచెను’ అని ఉంటుంది. పక్కింటి పెరట్లో ఉత్తర సేన. మధ్యలో పిట్టగోడ, దాని మీద ఇరుపక్షాల దుప్పట్లు.

మా అత్తగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూమూ మేడ మీద ఉంది. (హాలు విశాలంగా ఉండాలని మా ఆయన పట్టుబట్టారు. హాలు విశాలంగానే ఉంది.) ఈసారి మెట్ల మీద జారితే మళ్ళీ లేవరని డాక్టరు చెప్పేశాడు. కింద బాత్రూం కట్టడానికి చోటంటూ ఉంటే అది పెరట్లోనే, సరిగ్గా ఆ రాయి ఉన్న చోటే.

"నాకు మీ దళంతో పేచీ లేదమ్మాయ్, కాస్త జరగమను" అన్నారు అత్తగారు.

స్థానాల అధికారి దగ్గరికి వెళ్ళి, రాయిని కొంచెం వెనక్కి జరుపుకుంటామని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసేశాడు. "వెనక్కా? అంటే పలాయనమేగా అమ్మా! దక్షిణ సేన వెనకడుగు వేసిందని ఆధారం ఉందా?"

"పోనీ పక్కకి?"

"వ్యూహం మారుతుంది. దానికి నిపుణుల సంఘం కూర్చోవాలి. నిపుణుల్ని ఇంకా వెయ్యలేదు."

"ముందుకి?"

ఆయన ముఖం విప్పారింది. "అది దాడి కదమ్మా! వీరత్వం కింద వస్తుంది. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

మర్నాడు మా దళం పిట్టగోడ దాటి, పక్కింటివాళ్ళు స్కూటరు పెట్టుకునే చోట నిలిచెను.

"ఏం వదినా, చెప్పాపెట్టకుండా దండెత్తావ్?" అంది పక్కింటావిడ.

"నేనెక్కడ వదినా, చరిత్ర."

"చరిత్రకి మా స్కూటరే దొరికిందా?"

ఆవిడ ఎదురుదాడికి దరఖాస్తు పెట్టింది. (ఎదురుదాడులు అత్యవసర సేవల కిందికి వస్తాయి.) సాయంత్రానికల్లా ఉత్తర సేన మా పెరట్లో దిగింది. ఈ సులువు చూసి కాలనీకి కాలనీయే లేచింది. రిటైరైన లెక్కల మాస్టారు తన గేటుకి అడ్డంగా ఉన్న ఫిరంగి దళాన్ని ముందుకు నడిపించి ఎదురింటి గేటుకి అడ్డం పెట్టారు. ఎదురింటాయన తన గుర్రపు దళాన్ని బస్టాపు దాకా పరిగెత్తించాడు. రాళ్ళ లెక్కన ఇప్పుడు ఇరుపక్షాలూ గెలిచాయి.

అధికారికి చెమటలు పట్టాయి. సంధి చేసుకోమని మమ్మల్నే బతిమాలాడు. గోడ దగ్గర మాట్లాడుకుంటే అది ఒక్క నిమిషం పని.

"అత్తయ్యగారి బాత్రూం కోసమా? ముందే చెబితే నేనే ఓ చెయ్యి వేసి లాగేసేదాన్ని కదా!" అంది పక్కింటావిడ.

"లాగితే నేరం వదినా. దండెత్తితే కాదు."

సంధి కుదిరింది కాబట్టి కాలనీలో రాళ్ళన్నీ పెకలించి విభాగం గిడ్డంగికి పంపేశారు. పెరడు ఖాళీ అయింది. మేస్త్రీ సున్నంతో గీతలు గీశాడు. అత్తగారు ఆ గీతల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చుని, "కుళాయి ఇక్కడ, నా చేతికందేట్టు" అని చూపించారు. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చాలాకాలంగా చూడలేదు.

అప్పుడొచ్చాడు అధికారి, వెనక నలుగురు కూలీలతో, నున్నగా మెరిసే కొత్త రాయితో. ‘ఉభయ సేనలకు ఇచట సంధి కుదిరెను.’ మొదటి దాడి మా పెరట్లో మొదలైంది కాబట్టి ఆ గౌరవం మాదేనట, పాతేది ఆ గీతల మధ్యేనట.

"దీన్ని ఎటు జరపాలండీ?" అన్నాను.

"సేనలైతే కదుల్తాయమ్మా. శాంతి కదలకూడదు."

రాయి పక్కన అత్తగారిని నిలబెట్టి ఫోటో తీయబోయాడు.

"తొందరగా కానీ నాయనా" అన్నారావిడ, "మేడ మీదకి వెళ్ళాలి."

వెళ్ళారు. మెట్ల మలుపులో ఆగి, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని, మళ్ళీ కదిలారు. అక్కడ కూడా ఒక రాయి వేస్తారా అని అధికారిని అడిగాను. ఇంకా నడుస్తున్న యుద్ధాలు ఆ విభాగం పరిధిలోకి రావట.