కాంటెలా? రివానానా?

కారు కొనడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కొన్న మర్నాడే అది పాతబడుతుంది. వారం తిరగకుండా ఎవడో సైకిల్ హ్యాండిల్‌తో గీత పెడతాడు. ఆ తర్వాత సంగతి చుట్టాలకు తెలుస్తుంది. ఇక దవాఖానాకు పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా మీ ఇంటిముందే నిలబడతారు. అదే రెండు కార్లను పోల్చుకుంటూ కూర్చున్నారనుకోండి, పెట్రోలు ఖర్చు లేదు, నీడ పట్టున నిలుపుకునే యాతన లేదు. కొన్నవాడికి ఉండేది ఒక్క కారు. పోల్చుకునేవాడికి ఎప్పుడూ రెండు!

ఈ సత్యం తెలిసినవాడు మా ఖమ్మం జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. పెనుబల్లిలో ఎరువుల దుకాణం నడిపే మురళీకృష్ణ. ఆయనకు కలిగిన లాభాలు వింటే మీరు కూడా షోరూం మెట్లు ఎక్కి, ఎక్కినంత మర్యాదగా దిగివస్తారు.

కథ మొదలైంది ఆయన భార్య నాగలత వల్ల. ఆమె సత్తుపల్లి హైస్కూల్లో లెక్కల టీచరు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. రెండింటిలోనూ సీటు దొరకదు. ఒక భుజాన సంచి, ఒక చేతిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, రెండో చేత్తో పైనున్న రాడ్డు. జారిన కొంగు సర్దుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు. ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడింది.

"ఏమండీ, ఇంక బస్సుల నిలబడుడు నావల్ల కాదు. ఒక కారు కొందాం. నేనే నేర్చుకుని నడుపుకుంట."

మురళీకృష్ణ మంచి మనిషి. భార్య అడిగినదానికి ఏనాడూ కాదనలేదు.

"కొందాం లతా. కాకపోతే చూసి కొందాం" అన్నాడు.

ఆ 'చూసి' అన్నమాటకు లోతెంతో పాపం ఆమెకప్పుడు తెలియదు.

చూడగా చూడగా రెండు సెడాన్లు తేలాయి. ఒకటి కాంటెల్, ఒకటి రివానా. అసలు పేర్లు ఇవి కావు. అసలు పేర్లు రాస్తే రెండు కంపెనీలకూ కోపం వస్తుంది, మురళీకృష్ణకు ఇద్దరితోనూ పని ఉంది. కాంటెల్‌కు ఇంజను గట్టిది, రివానాకు సీట్లు మెత్తన. కాంటెల్ మైలేజీ బాగా ఇస్తుంది, రివానాకు పైకప్పు తెరుచుకుంటుంది. మన ఎండల్లో కప్పు తెరిస్తే ఏం కనిపిస్తుందంటారా? పాల్వంచ దాకా పోతే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. అది చాలదా?

ఇక డిక్కీ. అది ఎంత పెద్దదో లీటర్లలో చెబుతారు.

"అందుల పాలు పోస్తరా?" అని అడిగింది నాగలత.

మురళీకృష్ణ నవ్వలేదు. నవ్వులాట చేసే విషయమా ఇది?

ఆయన పొద్దున లేస్తే ఫోన్లో వీడియోలు. ఒకడు కాంటెల్ తలుపు వేసి ఆ చప్పుడు వినమంటాడు. ఇంకొకడు రివానా తలుపు వేసి వినమంటాడు. దుకాణంలో యూరియా కోసం వచ్చిన రైతు ఆ రెండు చప్పుళ్లూ విని, ఏది మెత్తగా ఉందో చెప్పి, ఆ తర్వాతే బస్తా ఎత్తుకోవాలి. మొదట్లో రైతులు విసుక్కున్నారు. తర్వాత వాళ్లూ రెండు పార్టీలయ్యారు. వేంసూరు నుంచి వచ్చేవాళ్లు కాంటెల్, పెనుబల్లి వాళ్లు రివానా. వరికి తెగులొచ్చిందని చెప్పడానికి వచ్చినవాడు గేర్ల గురించి వాదించి, మందు కొనడం మరిచిపోయి ఇంటికి పోయేవాడు.

ఖమ్మం షోరూములకు ఎన్నిసార్లు పోయాడో ఆయనకే తెలియదు. రివానా షోరూంలో సేల్స్ మేనేజరు బదిలీ అయిపోతే, కొత్తగా వచ్చినావిడకు బండి మొత్తం తిప్పి చూపించి, ఏ మీట ఏం చేస్తుందో నేర్పింది మురళీకృష్ణే. ఆ పక్కన నిలబడి విన్న ఒక డాక్టరు గారు అక్కడికక్కడే బండి బుక్ చేసుకుని పోయారు. ఆవిడ మురళీకృష్ణకు రెండుసార్లు టీ తెప్పించింది.

"మీరెప్పుడు తీసుకుంటరు సార్?" అని మాత్రం అడగలేదు. పని నేర్పిన గురువును ఎవరైనా అలా అడుగుతారా?

ఒకసారి ఆయన నిజంగానే తేల్చేశాడు. కాంటెల్ అన్నాడు. నాగలత పసుపు, కుంకుమ, నిమ్మకాయలు కూడా తెచ్చిపెట్టింది. సరిగ్గా అప్పుడే రివానాకు కొత్త ముఖం వస్తోందని వీడియో వచ్చింది. లైట్లు మారుతాయట. చూడకుండా ఎలా కొంటారు? నిమ్మకాయలు పులిహోరలోకి పోయాయి.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం బస్సు కిక్కిరిసి, నాగలతను పెనుబల్లిలో దింపకుండా ముందుకు తీసుకుపోయి ఎక్కడో ఆపింది. ఆమె వానలో నడిచి, తడిసి ముద్దయి ఇంట్లో అడుగుపెట్టింది. ఆ సమయానికి మురళీకృష్ణ తడి రోడ్డు మీద ఏ కారు తొందరగా ఆగుతుందో చూస్తున్నాడు.

"వానల రివానా బ్రేకు బాగ పడుతదట లతా" అన్నాడు తల ఎత్తకుండా.

"మంచిది" అంది ఆమె, తల తుడుచుకుంటూ.

నాగలత స్కూల్లోనే తెలుగు చెప్పే రాజ్యశ్రీకి పెళ్లి కుదిరింది. పెళ్లి ఆమె సొంతూళ్లో, భద్రాచలం దాటి దుమ్ముగూడెం అవతల అడవిలో. మురళీకృష్ణ ముఖం వెలిగిపోయింది. ఆయన ఎదురింటి చెంచురామయ్య దగ్గర రివానా ఉంది. పాల్వంచ థర్మల్‌లో షిఫ్టులు చేసే చిన్ననాటి స్నేహితుడు ఆంథోని దగ్గర కాంటెల్ ఉంది. రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద పోల్చే అవకాశం ఎవరికి దొరుకుతుంది? పెళ్లికూతురు ఎవరన్నది ఆయనకు గుర్తుందో లేదో గాని, ఇద్దరినీ ఒప్పించాడు.

పెనుబల్లిలో రివానా బయల్దేరింది. పాల్వంచలో కాంటెల్ కలిసింది. ఇక మురళీకృష్ణ కాసేపు ఇందులో, కాసేపు అందులో. సారపాక దాకా కాంటెల్, గోదావరి బ్రిడ్జి మీద రివానా, భద్రాచలంలో టిఫిన్ తిని మళ్లీ కాంటెల్. నాగలత మాత్రం రివానా వెనక సీట్లో, మెత్తని సీటేనని ఒప్పుకుంటూ, కిటికీలోంచి టేకు చెట్లను చూస్తూ కూర్చుంది.

దుమ్ముగూడెం దాటి పక్కదారి పట్టాక అసలు పరీక్ష ఎదురైంది. కల్వర్టు కోసం రోడ్డు తవ్వి, పూడ్చినట్టే పూడ్చి, నడిమధ్య ఒక మట్టికట్ట వదిలేశారు. ముందున్న చెంచురామయ్య నెమ్మదిగానే ఎక్కించాడు. రివానా పొట్ట కట్ట మీద ఆనింది. అటు పోదు, ఇటు రాదు.

వెనకున్న ఆంథోనికి ఇంతకంటే మంచి సమయం ఎప్పుడొస్తుంది? "జరగు బాబాయ్, కాంటెల్ ఎట్ల దాటుతదో చూడు" అని పక్కనుంచి ఎక్కించాడు. కాంటెల్ కూడా పొట్ట ఆనించి, రివానా పక్కనే ఒద్దికగా కూర్చుంది.

"చూసినవా మురళీ, మీ రివానా ఇరుక్కున్నది" అన్నాడు ఆంథోని దిగుతూ.

"మరి నీదేం చేసిందోయ్?" అన్నాడు చెంచురామయ్య.

"నాది ఆగింది. ఆగుడు వేరే, ఇరుక్కునుడు వేరే బాబాయ్."

"ముందు చక్రాలు గాల్లో తిరుగుతుంటే ఆగిందంటావేంటి?"

ఇద్దరూ తీర్పు కోసం మురళీకృష్ణ వైపు చూశారు. ఆయన అప్పటికే పెళ్లికని కట్టుకున్న తెల్ల పంచెతో బురదలో బోర్లా పడుకుని, కార్ల కింద చెయ్యి పెట్టి, పొట్టకూ నేలకూ మధ్య ఎత్తు జానతో కొలుస్తున్నాడు. ఇన్నాళ్లూ ఎన్ని వీడియోలు చూసినా ఈ భాగ్యం కలగలేదు.

ఇంతలో వెనక నుంచి ఒక ఆటో వచ్చింది. కట్ట పక్కన పొలం గట్టు మీదుగా తిప్పి, అవతలికి తెచ్చి ఆపాడు డ్రైవరు దస్రు.

"పెండ్లికేనా అమ్మా? ఒక సీటున్నది, రా."

సీటు అన్న మాట విని నాగలత కారు దిగింది.

"ఏమండీ, ముహూర్తం దాటిపోతది. నేను పోతున్న."

"ఊఁ" అన్నాడు కారు కిందనుంచి మురళీకృష్ణ. "లతా, రివానాకు రెండు వేళ్లు ఎక్కువున్నది."

"మంచిది" అంది నాగలత. ఆటో వెళ్లిపోయింది.

ఆమె తలంబ్రాలు చూసింది, కడుపునిండా తిన్నది, రాజ్యశ్రీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి ఎవరో ట్రాక్టరు కట్టి రెండు కార్లనూ వెనక్కి లాగారు. ముగ్గురు మగవాళ్లూ ఆకలితో రోడ్డు పక్కన కూర్చుని, ట్రాక్టరు ముందుగా లాగింది దేన్ని, సులువుగా వచ్చింది ఏది అని వాదించుకుంటున్నారు. వాళ్ల చేతుల్లో తలా రెండు లడ్లు పెట్టింది.

"పెండ్లి బాగయిందా?" అడిగాడు మురళీకృష్ణ నములుతూ.

"బాగయింది. ఆ పిల్ల ఇంక భద్రాచలంలనే ఉంటదట, బదిలీ కూడ అయింది. సత్తుపల్లిల కిరాయికున్న పోర్షన్ ఖాళీ చేస్తున్నది. మన బడికి రెండు వీధుల అవతలనే. నేను తీసుకుంటనని చెప్పిన."

"ఊఁ" అన్నాడు మురళీకృష్ణ. ఆయన కళ్లు కాంటెల్ పొట్ట మీద పడ్డ గీత మీద ఉన్నాయి.

తర్వాతి ఆదివారం ఇంటిముందుకు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. మంచం, గ్యాస్ స్టవ్, రెండు పెట్టెలు ఎక్కాయి. అప్పుడు మురళీకృష్ణ ఫోన్లోంచి తల ఎత్తాడు.

"ఇవన్నీ ఎక్కడికి లతా?"

"సత్తుపల్లికి. చెప్పిన గద."

"ఎప్పుడు?"

"లడ్డు తింటున్నప్పుడు. మీరు ఊఁ అన్నరు."

"మరి కారు?"

"రెండు వీధులకు కారెందుకండీ? నడిచి పోత."

"మరి నేను?"

నాగలత ఆయన వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే ఆయనను భయపెట్టింది.

"మీకు దుకాణం ఇక్కడ గద. ఆ రెండిట్ల ఏదో ఒకటి తేలినంక రండి" అని ఇంటి తాళంచెవి చేతిలో పెట్టి ట్రాలీలో ముందు సీట్లో కూర్చుంది.

మొదట ఆయనకు ఇది కూడా వరంగానే తోచింది. ఇంటినిండా ప్రశాంతత. వీడియోలు పెద్ద సౌండుతో పెట్టుకోవచ్చు. ఒక మధ్యాహ్నం పచ్చడి మెతుకులు తింటూ కాంటెల్ స్టీరింగు గురించి ఒక మంచి విషయం తెలుసుకుని, "లతా, విన్నవా" అన్నాడు. వంటింట్లోంచి "మంచిది" అని వినపడలేదు. వీడియో ఆపేశాడు. ఆ మాట వినడానికే ఇన్నాళ్లూ పోల్చుకున్నాడేమోనన్న అనుమానం తొలిసారి కలిగింది.

ఆ సాయంత్రం దుకాణం తొందరగా మూసి, సత్తుపల్లి బస్సెక్కాడు.

ఎక్కాడనడం కంటే ఎక్కించబడ్డాడనడం సబబు. ముందు ఒకామె బుట్ట, వెనక ఒకాయన మోచెయ్యి. రాడ్డు పట్టుకుంటే భుజం మండింది, వదిలితే బ్రేకు పడింది. ఎవరో కాలు తొక్కి, "జర చూసుకో అన్నా" అని ఆయన్నే కోప్పడ్డారు. బొగ్గు లారీ ఎదురొచ్చినప్పుడల్లా బస్సు పక్కకు ఒరిగేది, ఈయన ఇంకొకరి మీదకు ఒరిగేవాడు. ఆ బస్సు సస్పెన్షన్ గురించి ఆయనకు ఒక్క ఆలోచన కూడా రాలేదు. నాగలత ఇక్కడే, ఈ రాడ్డే పట్టుకుని, ఒక చేతిలో పేపర్ల కట్టతో నిలబడేది అన్నదొక్కటే తోచింది. దిగేవరకూ అదే తోచింది.

తలుపు తీసిన నాగలత ఆయన నలిగిన చొక్కా చూసింది. మంచినీళ్లిచ్చి, ఇంకో కంచం పెట్టింది. ఆయన చేతులు కడుక్కుని కూర్చున్నాడు. కారు కొందామనుకున్నాక, కార్ల మాట లేకుండా వాళ్లిద్దరూ అంతసేపు కూర్చుని తిన్నది ఆ రోజేనేమో.

మర్నాడు పొద్దున ఖమ్మంలో షోరూం తాళం తీసేసరికి మెట్ల మీద మురళీకృష్ణ ఉన్నాడు. మేనేజరావిడ ఆయనను చూసి టీ చెప్పబోయింది.

"టీ వద్దమ్మా. బండి కావాలె."

"టెస్ట్ డ్రైవా సార్?"

"కాదు, కొనుడు."

ఆవిడ గబగబా ఫారం తీసింది. "ఏ రంగు సార్? ఏ మోడల్? పైకప్పు తెరిచేదా, మూసేదా?"

"ఏది తొందరగ వస్తే అది."

వచ్చింది. రివానా వచ్చింది. ఆ పక్క షోరూం ముందుగా తెరిచి ఉంటే కాంటెల్ వచ్చేది, అంతకుమించి కారణం ఏమీ లేదు. పోర్షన్ ముందు ఆపిన కారు చుట్టూ నాగలత ఒకసారి తిరిగి, సీట్లో కూర్చుని చూసి, "బాగుంది" అంది. కాని పోర్షన్ ఖాళీ చేయలేదు. ఆ నడక, ఆ పొద్దుటి తీరిక ఆమెకు అలవాటైపోయాయి. పట్టుబట్టి ఒకరోజు బడిదాకా దింపాడు. సీటు బెల్టు పెట్టుకోమని కారు గోల చేస్తుండగానే బడి వచ్చేసింది. ఆదివారం మాత్రం ఆమె హైస్కూలు గ్రౌండులో స్టీరింగు పడుతుంది. పక్కన ఆయన నోరు మూసుకుని కూర్చోవాలి. అది ఆమె పెట్టిన షరతు.

ఇప్పుడు మురళీకృష్ణ మకాం కూడా ఆ పోర్షన్‌లోనే. రోజూ పొద్దున సత్తుపల్లి నుంచి పెనుబల్లి దుకాణానికి కార్లో పోతాడు. నేను మొదట చెప్పినట్టే అయింది. గీతలు పడ్డాయి, చుట్టాలకు తెలిసింది. బస్టాండు దగ్గర సంచులు, పేపర్లు పట్టుకుని నిలబడ్డ టీచరమ్మలు కనిపిస్తే ఆపుతాడు. నలుగురూ ఎక్కి సర్దుకుని కూర్చుంటారు.

మొన్న అందులో కొత్తగా చేరిన ఒకావిడ మెత్తటి సీటును నిమురుతూ అడిగింది. "మా ఆయన గూడ కొందామంటున్నడు సార్. ఇదా, కాంటెలా అని ఏడాదిగ చూస్తున్నడు. మీరు రెండూ చూసే తీసుకున్నరా?"

మురళీకృష్ణ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"లేదమ్మా" అన్నాడు. "కాంటెల్ అని ఒకటుందా?"