తాబేలు పొడవంత ఎడం

“ఏటి బాట మీద ఇకపై ఎవరూ ఎవరినీ వెనకనుంచి గుద్దరు. ఇది నా మాట.”

ఒక పెద్ద అడవిలో, ఎండలు ముదరకముందు సింహం ఇచ్చిన మాట అది. జింక చుక్కమ్మ నమ్మింది. కిందటి వేసవిలో ఆమె పెద్దబిడ్డ ఆ బాట మీదే, నీళ్లకు పరుగెత్తే దున్నల కింద పడి చనిపోయింది. ఇక మిగిలింది చిన్నబిడ్డ మువ్వ ఒక్కతే.

సింహం వెంటనే సంఘం వేశాడు. అధ్యక్షుడు నక్క కనకలింగం. ముందు నడిచేవాడికీ వెనక నడిచేవాడికీ మధ్య ఎంత ఎడం ఉండాలో తేల్చాలి. కొలుద్దామంటే జింకలు నిలవలేదు, దున్నలు ఒప్పుకోలేదు. తాబేళ్లు మాత్రం ఓపిగ్గా నడిచాయి. ముందుది ఆగితే వెనకదీ ఆగింది.

“తేలిపోయింది!” అన్నాడు కనకలింగం. “తాబేలు పొడవంత ఎడం చాలు. అందరికీ సమాన హక్కులు, సమాన ఎడం!”

చప్పట్లు మోగాయి.

“మా వెనక నడిచేది ఏనుగు గుండన్న, బాబూ,” అంది చుక్కమ్మ.

“అయితే ఏంటమ్మా? చట్టం ముందు ఏనుగూ తాబేలూ ఒకటే.”

గుండన్న ఇబ్బందిగా చెవులు ఊపాడు. “అయ్యా, ఆగాలని నాకు తోచి, ఆ సంగతి నా కాళ్లకు తెలిసేసరికి రెండు చెట్లు దాటేసి ఉంటాను.”

“అది నీ కాళ్ల క్రమశిక్షణకు సంబంధించిన విషయం. సంఘానిది కాదు.”

మర్నాడు గుండన్న మువ్వకు బాగా దూరంగా నడిచాడు. ఆ ఖాళీలోకి ఓ అడవిపంది దూరింది. “ఖాళీ వదిలావంటే రమ్మన్నట్టేగా మామా!” దాని వెనకే ఇంకో నాలుగు. కాపలా తోడేలు వచ్చి ఎడం ఎక్కువైందని గుండన్ననే వెనక్కి పంపాడు. ఆ రోజు అతనికి నీళ్లు లేవు.

ఆ తర్వాత గుండన్న దగ్గరగానే నడిచాడు. “ఏమనుకోకమ్మా,” అన్నాడు.

“నువ్వేం చేస్తావులే అన్నా,” అంది చుక్కమ్మ.

బాట ప్రారంభోత్సవం నాడు ముందు సింహం, వెనక కనకలింగం, ఆ వెనక చుక్కమ్మ, మువ్వ, గుండన్న. కొమ్మల మీద కోతులు జై కొట్టాయి. ఆ జేజేలు తనకు బాగా వినబడాలని సింహం ఠక్కున ఆగాడు.

చుక్కమ్మ మువ్వను పక్కకు తోసి తానూ దూకింది. గుండన్న కాళ్లు బిగబట్టినా జారుతూనే వచ్చాడు. మువ్వ వెనక కాలు అతని పాదం కింద పడింది. గుండన్న తాకిడికి కనకలింగం ఎగిరి సింహం మీద, సింహం బురదలో.

విచారణ జరిగింది. తాబేళ్లను మళ్లీ నడిపించారు. ఒక్కటీ గుద్దుకోలేదు. లెక్క సరైనదేననీ, ఏనుగు తప్పుగా నడిచాడనీ, జింకపిల్ల అనుమతి లేకుండా వరస తప్పిందనీ తేల్చారు. బాట మొదట్లో, చెట్టు బెరడు మీద అందరికీ కనబడేలా చెక్కించారు:

“నీతి: లెక్క ఎన్నడూ తప్పదు, ప్రాణులే తప్పుతాయి.”

కుంటుతున్న మువ్వను వెంటబెట్టుకుని చుక్కమ్మ ఆ చెట్టు దగ్గరికి వచ్చింది. నీతి కింద గిట్టతో గీసింది:

“ఆ లెక్కలో మా మువ్వ కాలు ఎక్కడుంది? ఆషాఢ పౌర్ణమిలోగా జవాబు చెప్పాలి.”