పొడిచే ఎద్దు, అత్తగారి మేకపోతు

పదింటికల్లా కాలేజీకి చేరి, పరీక్షాధికారి ముందు తన పరిశోధన చదివి, మధ్యాహ్నానికి డాక్టరుగా ఇంటికి తిరిగి రావాలన్నది ఆ ఉదయం అల్లుడు వేసుకున్న ప్లాను. అతని వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. అత్తవారింట్లో ఉంటూ, యూదుల ప్రాచీన ధర్మశాస్త్రాన్నీ బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చదువుతూ ఏళ్లు గడిపేశాడు. ఇవాళ గట్టెక్కకపోతే అత్తగారికి మొహం చూపించలేడు. వస్తున్న పరీక్షాధికారి చూస్తే కొరకరాని కొయ్య. ఎద్దు పొడుస్తుందని దాని యజమానికి ముందే చెప్పాలన్న నియమం రాతల్లో ఉందే తప్ప, మామూలు జనం ఎన్నడూ పాటించి ఉండరని ఆయన నమ్మకం. పాటించారని అల్లుడి వాదన. ఋజువేదంటే మాత్రం నీళ్లు నమలాల్సిందే.

చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఎదురింటి దర్జీ మోకాలు పట్టుకుని వచ్చాడు. అత్తగారి మేకపోతు కుమ్మిందట.

"చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు బాబూ. దీనికి న్యాయం ఏమిటి?"

ఇన్నేళ్లలో అతన్ని ఆ మాట అడిగిన నాథుడు లేడు. అల్లుడు పొంగిపోయి, రెండు చట్టాల్లోనూ మొదటిసారి పొడిస్తే యజమాని తప్పు లేదనీ, ముందే ఎవరైనా చెప్పినా కట్టెయ్యకపోతేనే తప్పనీ విడమరిచాడు. మనిషి చనిపోతే హమ్మురాబి వెండితో సరిపెట్టాడు. యూదులు మాత్రం ఆ ఎద్దును రాళ్లతో కొట్టి చంపి, దాని మాంసం కూడా ముట్టేవారు కాదు. ప్రాణానికి వాళ్లిచ్చిన విలువ అదని కూడా చెప్పాడు.

దర్జీ బుర్రకెక్కింది ఒక్క ముక్కే. "అయితే ఇప్పుడు చెబుతున్నా. మీ మేక పొడుస్తుంది. తర్వాత చెప్పలేదనకు."

ఆ మాట దర్జీ కంటే ముందే వీధి దాటింది. రొట్టెల కొట్టాయన వచ్చి, అల్లుడు సాక్షిగా, దర్జీ కుక్క కరుస్తుందని దర్జీకి చెప్పాడు. కొట్టు ముందున్న నిచ్చెన ఏనాటికైనా పడుతుందని దర్జీ అతనికి తిరిగి చెప్పాడు. మేడమీది నర్సమ్మ అందరికీ కలిపి ఒకేసారి చెప్పేసింది: "మా ఆయన స్కూటరు నేర్చుకుంటున్నారు. తర్వాత నన్ననుకుని లాభం లేదు." ఒకర్ని వదిలించుకుంటే ఇద్దరు తగులుకుంటున్నారు. అల్లుడు గడియారం చూసుకుంటూనే ఉన్నాడు, తల ఊపుతూనే ఉన్నాడు. తెరిచిన గుమ్మంలోంచి మేకపోతు కూడా సంగతేమిటో చూద్దామని బయటికొచ్చింది.

వీధి చివర బస చేసిన పరీక్షాధికారి అప్పుడే కాలేజీకి నడిచి వెళుతున్నాడు. గుంపు చూసి ఆగాడు. జారిపడిన కళ్లజోడు తీసుకోవడానికి వంగాడు. మేకపోతుకు అంతకు మించిన పిలుపు అక్కర్లేకపోయింది.

అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి ఆయన్ను లేపి, దులిపి, తానెవరో చెప్పుకున్నాడు. ఆయన నడుం పట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"ఇది పొడుస్తుందని నీకు ముందే ఎవరైనా చెప్పారా?"

లేదంటే బతికిపోతాడు. కానీ అతను నమ్మి చదివిన చదువు అది.

"చెప్పారండి. పొద్దున్నే."

వీధి వీధంతా అవునంది.

"అయినా కట్టెయ్యలేదు."

"లేదండి."

ఇక డాక్టరు ఆశ నీరుగారిపోయినట్టే. అప్పుడు అత్తగారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఆగండి బాబూ. మేక నాది. వీళ్లు చెప్పింది మా అల్లుడికి. నాకెవరూ చెప్పలేదు, అతనికేమో మేకే లేదు. తప్పెవరిదో మీరే తేల్చండి."

పరీక్షాధికారి దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటూ ఆలోచించాడు. రెండు చట్టాలూ మనసులో తిరగేసినా ఆ ముడి విడిపోలేదు. ఇంతమంది ఇక్కడెందుకు చేరారని అడిగితే దర్జీ మొదలుపెట్టి అందరూ చెప్పారు. నర్సమ్మ ఆయనక్కూడా స్కూటరు సంగతి చెప్పేసింది.

"జనం ఈ నియమం పాటించి ఉండరని ఇన్నాళ్లూ పాఠం చెబుతున్నానయ్యా," అన్నాడాయన అల్లుడితో. "ఇక్కడ ఒక్క పూటలో వీధంతటికీ అంటుకుంది."

పరిశోధనను అక్కడికక్కడే ఆమోదించాడు. అత్తగారి పశువుకు అల్లుడి బాధ్యత ఎంత అన్నదాని మీద ఒక అధ్యాయం చేర్చాలని మాత్రం షరతు పెట్టాడు. అత్తగారు కుర్చీ తెచ్చి వేసింది గానీ, సంతకం ఆయన నిలబడే పెట్టాడు.